స్టిల్ట్+4 లాడ్జి, పైన ఫంక్షన్ హాలు, టెర్రస్ మీద జనరేటరు: ఊగకుండా, అదరకుండా ఎలా కట్టాలి?

#1 · కరకంబాడి_సైట్

అందరికీ నమస్తే. తిరుపతిలో స్టిల్ట్+4 లాడ్జి పని మొదలుపెట్టబోతున్నాం. ప్లాను 12 × 18 మీటర్లు, ఎత్తు దాదాపు 15 మీటర్లు. కింద మొత్తం పార్కింగు, ఒకటి నుంచి మూడు దాకా గదులు, నాలుగో అంతస్తులో 250–300 మందికి ఫంక్షన్ హాలు. హాల్లో పిల్లర్లు అడ్డం రాకూడదు కాబట్టి మధ్య వరసలు హాలు ఫ్లోరు దగ్గరే ఆగిపోతాయి, పై స్లాబుకు 12 మీటర్ల బీములు. టెర్రస్ మధ్యలో 125 కేవీఏ జనరేటరు. పిల్లర్లు మాత్రం 9×18 అంగుళాలే, గోడలో కలిసిపోవాలని ఓనరు పట్టు.

భూకంపానికి ఇంత చిన్న బిల్డింగులో ఏమేం చూడాలి? హాల్లో జనం ఎగిరితే కింద గదుల్లో తెలుస్తుందా? జనరేటరు కింద రబ్బరు ప్యాడ్లు చాలా? ఈ మూడూ చెప్పండి.

#2 · మేస్త్రీ_పుత్తూరు

అన్నా, మన పక్క భూకంపాలు యాడ వస్తాయి? 9 అంగుళాల పిల్లరుతో ఊరంతా కట్టుండారు, అన్నీ నిలబడే ఉండాయి. పిల్లరుకు రెండు రాడ్లు ఎక్కువెయ్యండి, స్లాబు 6 అంగుళాలు పొయ్యండి, అయిపాయ.

#3 · లోడ్‌పాత్

> అన్నీ నిలబడే ఉండాయి

పైనుంచి వచ్చే బరువుకు నిలబడ్డాయి మేస్త్రీ. పక్కనుంచి తోస్తే ఏమవుతుందో వాటిని ఇంకా ఎవరూ పరీక్ష పెట్టలేదు. 1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారి నేలమట్టమైనప్పుడు, అప్పటి భూకంప జోన్ల మ్యాపులో ఆ ఊరు అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 1లో ఉంది. 2002 సవరణలో జోన్ 1 అనేదాన్నే ఎత్తేశారు. చెన్నై అప్పుడే 2 నుంచి 3కి ఎక్కింది. నెల్లూరూ 3లోనే ఉంది. మనం ఆ రెంటికీ పక్కనే ఉన్నాం, కాబట్టి జోన్ 3 పట్టుకునే డిజైను చేయండి. ఈ సైజు బిల్డింగులో దానివల్ల పెరిగే ఖర్చు ఎక్కువగా రింగుల స్టీలు, బెండింగు కూలి.

లెక్క చూద్దాం. భూకంప డిజైను కోడు ఐఎస్ 1893 (2016) ప్రకారం జోన్ 3కి ప్రమాదాన్ని కొలిచే అంకె (జోన్ ఫ్యాక్టరు) 0.16, అందులో సగం 0.08. బిల్డింగు ఒకసారి ఊగి వచ్చే కాలం, గోడలున్న ఫ్రేముకు (పిల్లర్లు, బీముల చట్రం) 0.09 × 15 ÷ √12, అంటే 0.39 సెకండ్లు. మీడియం నేలలో 0.55 సెకండ్ల లోపు ఉన్నదానికి స్పెక్ట్రమ్ విలువ (నేల ఊపు బిల్డింగులో ఎన్ని రెట్లవుతుందో చెప్పే అంకె) 2.5. స్టిల్టులో గోడలు లేవు కదా అని ఖాళీ ఫ్రేము సూత్రం వేస్తే 0.57 సెకండ్లు, విలువ 2.39 వస్తుంది. పెద్ద తేడా లేదు. డక్టైల్ డీటెయిలింగు (విరగకుండా వంగేలా స్టీలు అమర్చడం) చేసిన ఫ్రేముకు, 0.08ని 2.5తో గుణించి 5తో భాగిస్తే 0.04. అంటే బిల్డింగు బరువులో 4 శాతం అడ్డంగా తోస్తున్నట్టు లెక్క. చదరపు మీటరుకు 1.2 టన్ను చొప్పున ఐదు స్లాబులకు సుమారు 1,300 టన్నులు, తోపు 52 టన్నులు.

ఇప్పుడు మీ ఫంక్షన్ హాలు సంగతి. జనం గుమికూడే హాలున్న బిల్డింగుకు ఇంపార్టెన్స్ ఫ్యాక్టరు (బిల్డింగు ప్రాముఖ్యాన్ని బట్టి తోపును పెంచే గుణకం) 1.5 వేయాలి. తోపు 78 టన్నులకు పోతుంది. దానికి తోడు కుర్చీలు బిగించని హాలుకు లైవ్ లోడు (జనం, సామాను బరువు) చదరపు మీటరుకు 500 కిలోలు, అందులో సగం భూకంప బరువులో కలుస్తుంది. అదీ అన్నిటికన్నా పైన. హాలు కింది అంతస్తుల్లో ఎక్కడ పెట్టినా పైనున్న గదుల పిల్లర్లు దాని మీద గాల్లో వేలాడతాయి, కాబట్టి పైన పెట్టడం తప్పు కాదు. కానీ ఆ 1.5 మాత్రం ఎగ్గొట్టకండి.

9 అంగుళాల పిల్లరు కుదరదు. డక్టైల్ డీటెయిలింగు కోడు ఐఎస్ 13920 (2016) ప్రకారం పిల్లరు చిన్న వైపు 300 మి.మీ.కి తగ్గకూడదు, దాని గుండా పోయే బీము రాడ్డు మందానికి 20 రెట్లకూ తగ్గకూడదు. బీములో 16 మి.మీ. రాడ్లు వాడితే 320. బీము రాడ్డును ఒక పక్క లాగుతూ ఇంకో పక్క నొక్కుతుంటే అది జాయింటులో పట్టు వదిలి జారుతుంది. ఆ పట్టు కోసమే ఈ వెడల్పు. 350×450 తీసుకోండి. మూల గదిలో 5 అంగుళాలు బయటికి కనిపిస్తుందంటే అల్మారా పెట్టి కప్పేయమనండి.

#4 · కరకంబాడి_సైట్

ఓనరుకు ఈ లెక్క చూపిస్తా. స్టిల్టు గురించి చెప్పలేదు సార్. పార్కింగులో గోడలు పెట్టనివ్వరు.

#5 · లోడ్‌పాత్

అసలు సమస్య అక్కడే ఉంది. పై మూడంతస్తుల్లో ఇటుక గోడలు బిగుసుకుని ఉంటాయి, కింద ఒట్టి పిల్లర్లు. కదలికంతా ఆ ఒక్క అంతస్తులోనే జరుగుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో, కేంద్రానికి 200 కిలోమీటర్లు దాటి ఉన్న అహ్మదాబాదులో స్టిల్టు అపార్ట్‌మెంట్లు కూలింది ఇందుకే.

2002 కోడులో ఒక షార్టుకట్టు ఉండేది: స్టిల్టు పిల్లర్లకూ బీములకూ వచ్చిన బలాలను 2.5తో గుణించి డిజైను చేయడం. ఇప్పటికీ కొన్ని ఆఫీసుల్లో అదే నడుస్తోంది. 2016 కోడు అడిగేది వేరు. కొన్ని బేల్లో (రెండు పిల్లర్ల మధ్య ఖాళీల్లో) ఆర్‌సీ గోడలో (స్టీలు వేసిన కాంక్రీటు గోడలు), ఏటవాలు బ్రేసింగో పెట్టి, స్టిల్టు గట్టితనాన్ని పై అంతస్తు గట్టితనంలో 80 శాతానికి, బలాన్ని 90 శాతానికి తగ్గకుండా చూడాలి. పార్కింగు మధ్యలో గోడ అక్కర్లేదు. అంచు పిల్లర్ల మధ్య, కారు తిరగని చోట, రెండు దిక్కులా ఎదురెదురుగా 200 మి.మీ. గోడలు వేయండి. ఆ గోడలు ఫుటింగు నుంచి టెర్రస్ దాకా ఒకే నిలువులో పోవాలి. స్టిల్టులో పెట్టి పైన ఆపేస్తే బలహీనత ఒక అంతస్తు పైకి జరుగుతుంది, అంతే.

లిఫ్టు ఎక్కడ వస్తోంది?

#6 · కరకంబాడి_సైట్

ఈశాన్యం వదిలేసి, వాయవ్య మూలలో లిఫ్టు, మెట్లు రెండూ.

#7 · లోడ్‌పాత్

వాస్తుకు నేను అడ్డు చెప్పను కానీ, ఆ మూలలో లిఫ్టు చుట్టూ కాంక్రీటు గోడ పోస్తే బిల్డింగంతా ఆ మూలను పట్టుకుని గిరగిరా తిరగాలని చూస్తుంది. ఎదుటి ఆగ్నేయ మూల పిల్లర్లకే దెబ్బ. రెండు దారులున్నాయి. లిఫ్టు చుట్టూ ఇటుక కట్టి, ఆర్‌సీ గోడలు నాలుగు పక్కలా సమంగా పంచడం ఒకటి. లిఫ్టు కోరును కాంక్రీటే ఉంచి, ఎదుటి మూలలో అంతే గట్టిగా ఎల్ ఆకారంలో గోడ ఇవ్వడం రెండోది. మొదటిదే చవక.

#8 · స్వర్ణముఖి_సాయిల్స్

మీడియం నేల అని ఊహించేశారు. బోరు లాగ్ (బోరు వేసి చూసిన నేల పొరల రికార్డు) ఉందా? తిరుపతిలో రెండు వీధులు దాటితే నేల మారిపోతుంది. కొండ పాదం వైపు గండ్రాళ్లు, మొరం. స్వర్ణముఖి వైపు పోతే ఇసుక, నీళ్లు పైనే తగులుతాయి. ఇసుక వదులుగా ఉండి నీళ్లు నిండి ఉంటే ద్రవీకరణ (ఊపుకు ఇసుక నీళ్లలా జారిపోవడం) చూడాలి. కోడులో జోన్ 3కి సరిచేసిన ఎన్ విలువ (నేలలోకి గొట్టం దిగడానికి పట్టే సుత్తి దెబ్బల లెక్క) 5 మీటర్ల లోపు 15, 10 మీటర్లు, ఆ పైన 25 కావాలి. అంతకన్నా తక్కువైతే నేలను గట్టిపరచడమో, పైళ్లో.

కొండ పక్కన ఇంకో తప్పు జరుగుతుంది. ఫుటింగులు సగం బండ మీద, సగం నింపిన మట్టి మీద కూర్చుంటాయి. ఊపు వచ్చినప్పుడు రెండు సగాలూ రెండు రకాలుగా కదులుతాయి. నింపిన వైపు అసలు నేల దాకా దించండి, అన్ని ఫుటింగులనూ ప్లింత్ బీముతో రెండు దిక్కులా కట్టేయండి.

#9 · మేస్త్రీ_పుత్తూరు

సరే సారూ, ఒప్పుకుంటా. రింగుల సంగతి తెంచి చెప్పండి. మా పిల్లకాయలు 8 మి.మీ. రింగు 6 అంగుళాలకు ఒకటి కడతారు. ఎంత దగ్గరగా కట్టాల? అంత దగ్గరైతే కాంక్రీటు యాడ దిగుతాది?

#10 · లోడ్‌పాత్

350×450 పిల్లరు, నిలువు రాడ్లు 16 మి.మీ., ఎం25 కాంక్రీటు, ఫె500 స్టీలు, కవరు (స్టీలు బయట ఉండే కాంక్రీటు మందం) 40 మి.మీ. అనుకుందాం.

పిల్లరు పైచివర, కింది చివర ఉండే బిగింపు భాగం పొడవు మూడింటిలో పెద్దది తీసుకోవాలి: పిల్లరు పెద్ద వైపు (450), బీముల మధ్య ఖాళీ ఎత్తులో ఆరో వంతు, 450 మి.మీ. మన ఎత్తుకు 450 వస్తుంది. అక్కడ రింగుల ఎడం చిన్న వైపులో నాలుగో వంతు (87), నిలువు రాడ్డుకు 6 రెట్లు (96), 100, ఈ మూడింటిలో చిన్నది. అంటే 87 దాటకూడదు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. రింగు మందానికి వేరే సూత్రం ఉంది, మొత్తం సెక్షనుకూ రింగు లోపలి సెక్షనుకూ ఉన్న నిష్పత్తి మీద. మన పిల్లరుకు అది 1.58. దాన్ని వేస్తే 8 మి.మీ. చాలదు. 10 మి.మీ. రింగు, 75 మి.మీ. ఎడం, రెండు దిక్కులా మధ్యలో ఒక్కో అడ్డ లింకు (ఎదురెదురు రాడ్లను పట్టి ఉంచే హుక్కుల ముక్క) పెడితే సరిపోతుంది. లింకు తీసేస్తే మళ్లీ ఫెయిల్.

హుక్కు 135 డిగ్రీలు వంచాలి, వంపు తర్వాత తోక రింగు మందానికి 6 రెట్లు, 65 మి.మీ.కి తగ్గకుండా. 90 డిగ్రీల హుక్కు ఉంటే కవరు రాలిన మరుక్షణం తెరుచుకుంటుంది, ఆ తర్వాత నిలువు రాడ్లు బయటికి ఉబ్బుతాయి. 135 అయితే తోక లోపలి కాంక్రీటులో ఉంటుంది కాబట్టి పట్టు వదలదు. హుక్కులన్నీ ఒకే మూలకు రాకుండా తిప్పుతూ కట్టండి.

ల్యాపు (కింది రాడ్డుకు పై రాడ్డు జతచేసే చోటు) స్లాబు మీద వేయకూడదు. అందరూ వేసేది అక్కడే, ఎందుకంటే రాడ్డు పట్టుకోవడానికి వీలు. వంగే బలం ఎక్కువుండేదీ అక్కడే. పిల్లరు ఎత్తులో మధ్య సగంలో, ఒక చోట సగం రాడ్లకు మించకుండా వేసి, ల్యాపు పొడవునా 100 మి.మీ.కి ఒక రింగు కట్టండి. స్టీలు కొనేటప్పుడే దీనికి తగ్గట్టు పొడవులు కోయించుకోవాలి.

కాంక్రీటు దిగడానికి 20 మి.మీ. కంకర బదులు 12 మి.మీ. అడగండి. స్లంపు (కాంక్రీటు జారుడు కొలత) 120 మి.మీ. దాటనివ్వండి, నీళ్లతో కాదు, ప్లాస్టిసైజరుతో. 25 మి.మీ. నీడిలు వైబ్రేటరు దగ్గర పెట్టుకోండి, 40ది ఆ సందుల్లో దూరదు.

#11 · మేస్త్రీ_పుత్తూరు

జాయింటులో రింగులు ఎవురూ వెయ్యరు సార్. బీము బుట్ట పైన కట్టి ఒక్కసారి దించేస్తాం, ఆ తరవాత పిల్లరులో రింగు ఎట్ల దూరుస్తాం? దానికి నేనే చెప్తా. బీము లోతుకు సరిపడా నాలుగైదు రింగులు తీసుకుని, నాలుగు మూలల్లో 8 మి.మీ. ముక్కలు నిలువుగా కట్టి చిన్న బుట్ట చేసుకోవల్ల. బీము దించకముందే దాన్ని పిల్లరు రాడ్లకు తగిలించి, పైకి లేపి తీగతో వేలాడగట్టాల. బీము రాడ్లు ఆ బుట్ట సందుల్లోనుంచి దూర్చాల. గంట పని ఎక్కువ, రాడ్లు ఒక్కొక్కటే దూర్చాల గానీ, బుట్టలా దించడం కుదర్దు.

#12 · లోడ్‌పాత్

అదే సరైన పద్ధతి మేస్త్రీ. డ్రాయింగులో జాయింటు రింగులు గీసి, అవి ఎలా పెట్టాలో చెప్పని ఇంజనీర్లే ఎక్కువ.

#13 · కంపనం_కొలత

రెండో ప్రశ్నకు వస్తాను. హాలు ఫ్లోరు కన్నా మీరు హాలు పైకప్పు గురించి దిగులుపడాలి. ఎందుకో చెబుతాను.

ఫ్లోరు ఎంత వేగంగా అదురుతుందో తేల్చడానికి చేతిలెక్క ఒకటుంది: 18ని, దాని బరువుకు అది దిగే మిల్లీమీటర్ల వర్గమూలంతో భాగించండి. హాలు ఫ్లోరు కింద గదుల పిల్లర్లు 4.5 మీటర్లకు ఒకటి ఉన్నాయి కాబట్టి బీము 1.5, స్లాబు 1, మొత్తం 2.5 మి.మీ. దిగిందనుకుందాం. 18 ÷ 1.58 = 11.4 హెర్ట్జ్, అంటే సెకనుకు 11.4 సార్లు. పలకల దెబ్బకు గుంపు ఎగిరేది సెకనుకు 1.5 నుంచి 2.8 సార్లు. దాని మూడో హార్మోనిక్ (మూడు రెట్ల వేగం) 8.4. ఫ్లోరు నిలువు ఫ్రీక్వెన్సీ 8.4 దాటితే అనునాదంతో (ఊపుకు ఊపు కలిసి) పెరిగిపోయే భయం లేదని బ్రిటిష్ లోడింగు కోడు బీఎస్ 6399 చెప్పింది. మీరు దాటారు. కింద గదిలో దబదబ శబ్దం వినిపిస్తుంది, అది కంపనం కాదు, దెబ్బ శబ్దం. టైల్స్ కింద 10 మి.మీ. రబ్బరు పొర, గది వైపు ఫాల్స్ సీలింగు దాని మందు. స్లాబు మందం పెంచితే శబ్దం కొద్దిగానే తగ్గుతుంది.

పైకప్పు చూడండి. 12 మీటర్ల బీము 15 మి.మీ. దిగిందంటే 4.6 హెర్ట్జ్. మెత్తటి పరుపు లాంటి ఆ కప్పు నడిమధ్య జనరేటరు పెడతామంటున్నారు.

#14 · కరకంబాడి_సైట్

జనరేటరు 25 హెర్ట్జ్ కదా సార్, 1500 ఆర్‌పీఎం. 4.6కి చాలా దూరం ఉంది. రబ్బరు ప్యాడ్లూ ఉంటాయి.

#15 · కంపనం_కొలత

దూరంగానే ఉంది, కానీ ఆ ఒక్క అంకెతో సరిపెట్టుకోలేం. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి 12.5 దగ్గర కూడా ఊపు ఉంటుంది. స్లాబుకు బీముల మధ్య తన సొంత ఫ్రీక్వెన్సీ వేరే ఉంటుంది, అది 12–25 మధ్య ఎక్కడైనా పడొచ్చు.

ఇక ప్యాడ్లు. ప్యాడు మీద యంత్రం ఫ్రీక్వెన్సీ = 15.8 ÷ √(దిగిన మి.మీ.). అంగడిలో దొరికే గట్టి రబ్బరు ప్యాడు ఈ బరువుకు అర మి.మీ. దిగిందనుకోండి: 22 హెర్ట్జ్. 25కి పక్కనే! కంపనం తగ్గకపోగా పెరుగుతుంది. నట్లు వదులవుతాయి, బేస్ ఫ్రేము వెల్డింగులు పగులుతాయి. "ప్యాడ్లు వేశాక ఎక్కువైంది" అనే ఫిర్యాదుకు కారణం ఇదే. 3 మి.మీ. దిగే మెత్తటి ప్యాడయితే 9.1 హెర్ట్జ్, 25 హెర్ట్జ్ ఊపులో 15 శాతం కిందికి పోతుంది. అయితే 12.5 ఊపుకు ఇది పెద్దగా పనికిరాదు, 9.1కి దగ్గరే కదా. 25 మి.మీ. దిగే స్ప్రింగయితే 3.2 హెర్ట్జ్, 25లో 2 శాతం లోపు, 12.5లో 7 శాతం దాకా పోతాయి.

కానీ స్ప్రింగు దిగేది, కిందున్న కప్పు ఆ యంత్రం బరువుకు దిగేదానికన్నా 8–10 రెట్లు ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. కప్పు మధ్యలో ఆ హామీ లేదు. అందుకే ఒకటి, జనరేటరును కింద వెనక సెట్‌బ్యాకులోకి దించండి. రెండు, తప్పదంటే అంచు పిల్లర్ల వరస మీద, పిల్లరు నుంచి పిల్లరుకు వేసిన ఐ సెక్షను స్టీలు బీముల మీద పెట్టండి, ఆ బీములకు స్లాబు తగలకూడదు.

కింద పెడితే: 2 టన్నుల యంత్రానికి 4 టన్నుల దిమ్మె, అంటే 1.6 ఘనపు మీటర్లు. 3.2 × 1.25 × 0.4 మీటర్లు సరిపోతుంది. దిమ్మె చుట్టూ 50 మి.మీ. ఖాళీ, అందులో థర్మోకోల్. బిల్డింగు ఫుటింగుకు గానీ ప్లింత్ బీముకు గానీ ఎక్కడా ఆనకూడదు. యంత్రం గురుత్వ కేంద్రం దిమ్మె మధ్యకు ఐదు శాతం లోపు ఉండాలి.

#16 · నగరి_మగ్గాలు

మధ్యలో వస్తున్నా, క్షమించండి. మాది నగరి. పై అంతస్తులో మరమగ్గాలు ఉన్నాయి, అన్నీ ఒకేసారి నడిస్తే బిల్డింగు పక్కకు ఊగుతోంది, కిటికీ మూలల్లో చీలికలు. స్లాబు మీద ఇంకో మూడంగుళాల కాంక్రీటు పొయ్యమంటున్నారు. పొయ్యమంటారా?

#17 · కంపనం_కొలత

పోయకండి! పక్కకి ఊగే ఫ్రీక్వెన్సీ పిల్లర్ల గట్టితనం మీద, పైనున్న బరువు మీద ఆధారపడుతుంది. మూడంగుళాలు పోస్తే చదరపు మీటరుకు దాదాపు 190 కిలోల బరువు పెరుగుతుంది, పిల్లర్లు మాత్రం అవే. ఫ్రీక్వెన్సీ ఇంకా దిగుతుంది.

మగ్గాల లెక్క: నిమిషానికి 130 పిక్కులు (నాడె ఒకసారి దాటితే ఒక పిక్కు) అనుకుంటే సెకనుకు 2.17. పన్నె ఉన్న స్లే (పేకను కొట్టే చట్రం) ప్రతి పిక్కుకు ఒకసారి ముందుకూ వెనక్కీ పోతుంది. దాని రెండో హార్మోనిక్ 4.33 కూడా బలంగా ఉంటుంది. నాడెను ఒక పిక్కు ఎడమ నుంచి, ఇంకో పిక్కు కుడి నుంచి కొడతారు కాబట్టి 1.08 కూడా ఉంటుంది. ఇటుక గోడలున్న రెండంతస్తుల ఫ్రేము పక్కకి 3 నుంచి 6 మధ్య ఊగుతుంది. 4.33 సరిగ్గా అందులోనే పడింది.

ముందు కొలవండి. ఫోనులో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. ఫోనును పై ఫ్లోరు మీద పిల్లరు పక్కన రెండువైపుల టేపుతో అంటించి, యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ 60 సెకండ్లు నడపండి. మగ్గాలన్నీ ఆపి ఒకసారి, ఒక్కొక్కటి కలుపుతూ ఒకసారి. గీత 4.3 దగ్గర లేస్తోందా, 2.2 దగ్గరా చూడండి. సెకనుకు సెకనుకు 0.1 మీటరు చూపిస్తే 4.33 దగ్గర అది సెకనుకు 3.7 మి.మీ. వేగం. ఇది ఎప్పుడో ఒకసారి కాదు, రోజంతా సాగే ఊపు, ప్లాస్టరుకు మంచిది కాదు.

చేయాల్సినవి, ఖర్చు తక్కువది ముందు: కొన్ని మగ్గాల మోటారు పుల్లీ మార్చి 118 దగ్గరకు దించండి, హార్మోనిక్ 3.9కి జరుగుతుంది. ఇది పనిచేస్తుందా లేదా అన్నది మీ బిల్డింగు ఫ్రీక్వెన్సీ దానికి ఎటువైపు ఉందో దాన్ని బట్టి, అందుకే కొలత ముందు. రెండు, పడుగు దిక్కు చూడండి. స్లే కదిలేది ఆ దిక్కే. బిల్డింగు పొడుగు వైపు, గోడలు ఎక్కువున్న వైపు పడుగు వచ్చేలా మగ్గాలు తిప్పితే అదే ఊపును ఎక్కువ గట్టితనం మోస్తుంది. మూడు, కింది అంతస్తులో రెండు చివరి బేల్లో స్టీలు బ్రేసింగు, లేదా కిటికీ మూసి 9 అంగుళాల గోడ. గోడను పిల్లరుకు, బీముకు మధ్య సందు లేకుండా బిగించి కట్టాలి.

మగ్గం కింద రబ్బరు ప్యాడ్లు వేయమంటారు. నాడె దెబ్బ చప్పుడుకు పనికొస్తాయి. 2–4 హెర్ట్జ్ ఊపును ఏ రబ్బరూ ఆపలేదు.

#18 · బంగారుపాళ్యం

మా ఇంటికి 300 మీటర్లలో క్వారీ. పేలినప్పుడల్లా కిటికీలు గడగడలాడతాయి. వరండా స్లాబు కింద అడ్డంగా చీలిక వచ్చింది. ఇంటి చుట్టూ నాలుగడుగుల కందకం తవ్వితే అదురు ఆగుతుందని ఒకరన్నారు. నిజమేనా?

#19 · స్వర్ణముఖి_సాయిల్స్

ఆగదు. నేలలో అల వేగం సెకనుకు 200 మీటర్లు, ఫ్రీక్వెన్సీ 10 అనుకుంటే అల పొడవు 20 మీటర్లు. కందకం లోతు అల పొడవులో కనీసం 0.6 ఉంటే గానీ ఫలితం కనిపించదు, అంటే 12 మీటర్లు. నాలుగడుగులకు అల కిందినుంచి పోతుంది. రైలు పట్టాల పక్కన ఇళ్లవాళ్లకూ ఇదే జవాబు.

పేలుళ్లకు గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ 1997 సర్క్యులరు పరిమితులున్నాయి. క్వారీ యజమానివి కాని మామూలు ఇళ్ల దగ్గర నేల కదిలే వేగం 8 హెర్ట్జ్ లోపు సెకనుకు 5 మి.మీ., 8–25 మధ్య 10, ఆ పైన 15. పాత గుళ్లు, సున్నితమైన కట్టడాలకు 2, 5, 10. కొలిచేది జియోఫోను (నేల కదలికను పట్టే సెన్సరు) ఉన్న బ్లాస్ట్ సైస్మోగ్రాఫుతో, ఇంటి పునాది పక్కన నేలలో పాతి. ఫోను యాప్ దీనికి సాక్ష్యం కాదు.

ముఖ్యమైనది మొత్తం పేలుడు మందు ఎంత అన్నది కాదు, ఒక్కో డిలేకు (ఒకే క్షణంలో పేలే వంతుకు) ఎంత అన్నది. దూరాన్ని డిలేకు మందు కిలోల వర్గమూలంతో భాగించిన విలువ మీద వేగం ఆధారపడుతుంది. 25 కిలోలకు 300 ÷ 5 = 60. అదే 100 కిలోలు ఒకేసారి పేల్చితే 30. డిలేల మధ్య కనీసం 8 మిల్లీసెకండ్ల తేడా అడగండి.

కిటికీలు గడగడలాడేది ఎక్కువగా గాలి ఒత్తిడికి, నేల అదురుకు కాదు. స్లాబు కింద అడ్డంగా గోడ పొడవునా నడిచే చీలిక చాలాసార్లు ఎండ పని. పై స్లాబు వేసవిలో సాగి, గోడను తోస్తుంది. చీలికకు అడ్డంగా గాజు పలక ముక్కను జిప్సంతో అంటించి తేదీ రాయండి. పేలుడు రోజు పగిలిందా, మధ్యాహ్నం ఎండకు పగిలిందా తెలుస్తుంది.

#20 · మేస్త్రీ_పుత్తూరు

క్వారీకి వేరే టాపిక్ పెట్టండన్నా, లాడ్జి యాడికో పాయ.

#21 · కరకంబాడి_సైట్

ఓనరుతో మాట్లాడాను. 350×450 ఒప్పుకున్నాడు, లిఫ్టు చుట్టూ ఇటుకే. జనరేటరు కిందికి దించడానికి సెట్‌బ్యాకులో ఫైర్ దారి అడ్డం వస్తోంది, కాబట్టి టెర్రస్ మీదే, కానీ అంచు పిల్లర్ల మీద స్టీలు బీములతో. పక్కనే 2,000 లీటర్ల ట్యాంకులు ఐదు.

#22 · కంపనం_కొలత

ట్యాంకులు 10 టన్నులు. అవీ పిల్లర్ల వరస మీదే పెట్టి, అడుగున కోణాలతో పక్కకు జారకుండా ఆపండి. ఖాళీ ట్యాంకు గాలికి, నిండు ట్యాంకు ఊపుకు జారుతుంది.

జనరేటరు స్ప్రింగులు బిగించేటప్పుడు ఈ తప్పులు జరుగుతాయి. లెవెల్ రాలేదని మేస్త్రీ బేస్ ఫ్రేము కింద సిమెంటు కూరతాడు, స్ప్రింగు చచ్చిపోతుంది. ఫ్రేముకూ బీముకూ మధ్య టార్చిలైటు వేస్తే అవతలి వెలుతురు కనిపించాలి. లెవెల్ స్ప్రింగు పైన బోల్టుతోనే సరిచేయాలి. ఎగ్జాస్టుకు బెల్లోస్ (మడతలున్న వంగే గొట్టం) పెట్టి, ఆ తర్వాత పైపును గోడకు బిగుతుగా క్లాంపు చేస్తే అక్కడినుంచే కంపనం మొత్తం గదుల్లోకి పోతుంది. పైపును స్ప్రింగు హ్యాంగరు మీద వేలాడదీయండి. కేబులుకు ఒక లూపు, డీజిలుకు రబ్బరు హోసు. ఇంజను స్టార్టు, ఆఫ్ అయ్యేటప్పుడు 3 హెర్ట్జ్ దాటుతుంది, అప్పుడు పెద్దగా ఊగుతుంది. కాబట్టి డ్యాంపరున్న స్ప్రింగులు అడగండి. నాలుగు పక్కలా 5 మి.మీ. ఎడంతో స్టాపర్లు వెల్డు చేయించండి, భూకంపంలో యంత్రం స్ప్రింగుల మీదినుంచి జారకుండా.

ఇంజనుకూ బేస్ ఫ్రేముకూ మధ్య కంపెనీ ఇచ్చిన మౌంట్లు వాటంతట అవి ఉంటాయి. అవి ఉన్నాయని స్ప్రింగులు మానేయకండి, స్ప్రింగులు వేశామని అవి తీసేయకండి. రెండూ కలిసి నడుస్తాయో లేదో సప్లయరును లెక్క అడగండి, మౌంట్లకూ స్ప్రింగులకూ దిగే మిల్లీమీటర్లు రాసివ్వమనండి.

#23 · మేస్త్రీ_పుత్తూరు

లోడ్‌పాత్ సార్, ఆ 10 మి.మీ. రింగుకు రాడ్డు ఎంత పొడవు కోయాల? మా వాళ్లు 1,300 కోసేసి హుక్కు తోక చాలక 90 వంచేస్తారు.

#24 · లోడ్‌పాత్

350×450, కవరు 40 తీస్తే రింగు బయటి కొలత 270 × 370, చుట్టుకొలత 1,280. మూడు మూలల వంపులు తగ్గించి, నాలుగో మూలలో రెండు 135 వంపులు, రెండు 65 తోకలు కలిపితే 1,405 వస్తుంది. 1,410 కోయండి. పది రింగులు వంచి టేపు పెట్టి చూసుకుని మిగతావి కోయండి, మిషను పిన్ను మందం బట్టి ఐదారు మి.మీ. తేడా వస్తుంది. 12 మీటర్ల రాడ్డుకు 8 రింగులు, మిగిలిన 720 మి.మీ. ముక్క పారేయకండి, అందులో చిన్న వైపు అడ్డ లింకు ఒకటి వస్తుంది.